గింప్, ఇంక్‌స్కేప్‌లలో గ్రేడియెంట్ సవరించడం ఎందుకంత కష్టంగా అనిపిస్తుంది, ఏ పనికి ఏది వాడాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. చాలాకాలంగా ఫొటోషాప్, కోరెల్‌డ్రాలలో శుభలేఖలు, ఫ్లెక్సీలు చేస్తున్న మీరు ఇప్పుడు ఉచితంగా దొరికే గింప్ (ఫొటోలు దిద్దేది), ఇంక్‌స్కేప్ (గీతల బొమ్మలు వేసేది) అనే సాఫ్ట్‌వేర్‌లకు మారుతున్నారు. మిగతా పనులు మెల్లగా అలవాటవుతున్నా గ్రేడియెంట్ (ఒక రంగు మెల్లగా ఇంకో రంగులోకి మారే పూత) దగ్గరికి వచ్చేసరికి చేయి ఆడడం లేదు. ఒక రంగు చేర్చాలన్నా, ఉన్న రంగును పక్కకు జరపాలన్నా ఎక్కడ నొక్కాలో తెలియడం లేదు. లోపం సాఫ్ట్‌వేర్‌లో ఉందా, మీ అలవాటులో ఉందా, దేనికి ఏది వాడాలి అని అడిగారు.

సూటిగా చెబుతాను. అక్షరాలు, లోగోలు, బోర్డర్ల గ్రేడియెంట్లకు ఇంక్‌స్కేప్ వాడండి. ఫొటో మీద, బ్యాక్‌గ్రౌండ్ మీద పడే గ్రేడియెంట్లకు గింప్ వాడండి. రెండింటిలోనూ విడిగా తెరుచుకునే కిటికీల జోలికి పోకుండా బొమ్మ మీదే గీత లాగి, ఆ గీత మీదే రంగులు సవరించండి. గింప్‌లోని పాత గ్రేడియెంట్ ఎడిటర్‌ను మొదట్లో తెరవకపోవడమే మేలు. ఇక లోపం సంగతి అంటారా, మీ అలవాటు కొంత కారణమే గానీ ఎక్కువ పాలు సాఫ్ట్‌వేర్‌దే. వీటికి శక్తి తక్కువై కాదు. గింప్ గ్రేడియెంట్‌తో చేయగలిగినవన్నీ చూస్తే చాలా ఖరీదైన సాఫ్ట్‌వేర్‌లకు కూడా తీసిపోదు. కాకపోతే మీరు ఈ క్షణాన మారుస్తున్నది దేనినో అది మీకు చెప్పదు. నేను డిజైన్ నేర్పే పనిలో ఉన్నాను. నా దగ్గరికి వచ్చే పిల్లలు గ్రేడియెంట్ దగ్గర తడబడిన ప్రతిసారీ కారణం వెతుకుతూ వెళితే చివరికి తేలేది ఇదే.

కొంచెం వివరిస్తాను. గ్రేడియెంట్ అనేది ఒక్కో సాఫ్ట్‌వేర్‌లో ఒక్కో చోట ఉంటుంది. గింప్‌లో అది ముందుగా ఒక జాబితాలో పేరుతో దాచిపెట్టిన వస్తువు, బ్రష్‌లాగా, ప్యాటర్న్‌లాగా. దాన్ని బొమ్మ మీద లాగి ఎంటర్ నొక్కాక మిగిలేవి పిక్సెళ్లు మాత్రమే. ఆ తర్వాత జాబితాలోని గ్రేడియెంట్‌ను ఎంత మార్చినా బొమ్మ మారదు. ఇంక్‌స్కేప్‌లో అలా కాదు. గ్రేడియెంట్ ఆ వస్తువుకు అంటిపెట్టుకొని ఎస్‌వీజీ (గీతల బొమ్మలను దాచే పద్ధతి) ఫైలులో భాగంగా ఉంటుంది, ఏడాది తర్వాత ఫైలు తెరిచినా దాని స్టాప్‌లను, అంటే ఒక్కో రంగు నిలిచే బిందువులను, జరపవచ్చు. కోరెల్‌డ్రాలో ఫౌంటెన్ ఫిల్‌కు (అక్కడ గ్రేడియెంట్ పేరు ఇదే) అలవాటుపడిన చేతికి ఇంక్‌స్కేప్ త్వరగా పట్టుబడడానికి, గింప్ పరాయిగా తోచడానికి అసలు కారణం ఈ తేడాయే.

గింప్ సంగతి

గింప్ పాత ఎడిటర్ స్టాప్‌ల లెక్కన ఆలోచించదు, సెగ్మెంట్ల, అంటే రెండు రంగుల మధ్య ముక్కల, లెక్కన ఆలోచిస్తుంది. పట్టీ కింద నల్ల త్రికోణాలు సెగ్మెంట్ల చివరలు, తెల్ల త్రికోణాలు ఒక్కో సెగ్మెంట్ నడిమి బిందువులు. ప్రతి సెగ్మెంట్‌కూ ఎడమ చివర ఒక రంగు, కుడి చివర ఒక రంగు విడివిడిగా ఉంటాయి. ఫొటోషాప్‌లో పట్టీ కింద ఖాళీ చోట నొక్కితే కొత్త స్టాప్ పుడుతుంది కాబట్టి మీ చేయి ఇక్కడా అదే చేస్తుంది, ఇక్కడ మాత్రం ఆ నొక్కుడుకు సెగ్మెంట్ ఎంపిక అవుతుందే తప్ప రంగు చేరదు. రంగు చేర్చాలంటే రైట్ క్లిక్ చేసి, వచ్చే పొడవాటి మెనూలో స్ప్లిట్ సెగ్మెంట్ ఎట్ మిడ్‌పాయింట్ అన్న వరుస వెతికి నొక్కాలి. ఆ తర్వాత కొత్తగా పుట్టిన రెండు సెగ్మెంట్లలో మొదటిదాని కుడి చివరకూ, రెండవదాని ఎడమ చివరకూ రంగు విడివిడిగా ఇవ్వాలి. ఒకదానికి ఇచ్చి రెండోది మరిచిపోతే మధ్యలో కత్తితో కోసినట్టు గీత కనబడుతుంది. ఈ మెనూ ఒకటుందని ఎవరూ చెప్పకపోతే తెలుసుకునే దారి లేదు. ఎడిటర్‌లో కంటికి కనిపించే బొత్తాలు తక్కువ, పనికొచ్చే ఆజ్ఞలన్నీ రైట్ క్లిక్ వెనుకే దాక్కున్నాయి. ఇది నిస్సందేహంగా రూపకల్పన లోపం.

దీనికి తోడు గింప్‌తో పాటు వచ్చే గ్రేడియెంట్లను తెరిస్తే ఏదీ కదలదు, మెనూలో వరుసలన్నీ బూడిదరంగులో పడి ఉంటాయి. అవి వ్యవస్థ ఫోల్డర్‌లో ఉన్నవి కాబట్టి మార్చడానికి అనుమతి లేదు. డూప్లికేట్ చేసుకుని ఆ నకలును మార్చాలి. సాఫ్ట్‌వేర్ పాడైందేమోనని దాన్ని తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేసుకున్న వారిని కూడా నేను చూశాను. 'ఇది మార్చడానికి వీల్లేనిది, నకలు తీసుకోండి' అని అక్కడే ఒక వాక్యం కనిపిస్తే ఆ శ్రమ తప్పేది.

2018 ఏప్రిల్‌లో విడుదలైన గింప్ 2.10తో ఈ పరిస్థితి బాగా మారింది. అంతవరకూ బ్లెండ్ అని ఉన్న పనిముట్టుకు గ్రేడియెంట్ అనే పేరు వచ్చింది, దాని షార్ట్‌కట్ జి అక్షరం అయింది, అన్నిటికంటే ముఖ్యంగా బొమ్మ మీదే సవరించే వీలు వచ్చింది. ఇప్పుడు మీరు గీత లాగి వదిలాక అది వెంటనే పిక్సెళ్లుగా గట్టిపడదు. గీత రెండు చివరలా, మధ్యలోనూ చిన్న హ్యాండిళ్లు నిలిచి ఉంటాయి. గీత మీద నొక్కితే కొత్త స్టాప్ వస్తుంది. స్టాప్‌ను ఎంచుకుంటే కాన్వాస్ మూలన ఒక చిన్న పెట్టె తెరుచుకుంటుంది. అందులో ఎడమ రంగు, కుడి రంగు, వాటి మధ్య గొలుసు గుర్తు, స్థానం, తొలగించే బొత్తం ఉంటాయి. గొలుసు కలిపి ఉంటే రెండు రంగులూ ఒకటిగా మారతాయి, విడదీస్తే ఆ చోట పదునైన అంచు వస్తుంది. పాత ఎడిటర్‌లో మిమ్మల్ని విసిగించిన రెండు చివరల వ్యవహారం ఇక్కడ ఒక గొలుసు గుర్తులో ఇమిడిపోయింది. కంట్రోల్ జడ్ నొక్కితే మొత్తం గ్రేడియెంట్ పోకుండా చివరి కదలిక ఒక్కటే వెనక్కి పోతుంది. ఎంటర్ నొక్కేదాకా, లేదా వేరే పనిముట్టుకు మారేదాకా అంతా మీ చేతిలోనే ఉంటుంది.

ఇక్కడ రెండు జాగ్రత్తలు చెప్పాలి. మొదటిది, గింప్ మొదట చూపే గ్రేడియెంట్ ముందు రంగు నుంచి వెనుక రంగుకు పోయేది. మీరు టూల్‌బాక్స్‌లో రంగు మార్చినప్పుడల్లా అదీ మారుతుంది. ఉదయం బంగారు రంగులో ఉన్న గ్రేడియెంట్ మధ్యాహ్నానికి నీలమైందంటే కారణం ఇదే. స్టాప్ రంగు రకాన్ని ఫిక్స్‌డ్‌గా పెట్టుకుంటే ఆ బాధ ఉండదు. రెండవది, గింప్‌తో వచ్చిన గ్రేడియెంట్‌ను బొమ్మ మీద సవరించడం మొదలుపెట్టగానే అది కస్టమ్ అనే పేరుతో నకలు తీసుకుని దాన్నే మారుస్తుంది. మంచి ఏర్పాటే గానీ, ఇంకో గ్రేడియెంట్‌ను సవరిస్తే కస్టమ్ స్థానంలో కొత్తది వచ్చి కూర్చుంటుంది. అందువల్ల బాగా కుదిరిన దాన్ని గ్రేడియెంట్ల జాబితాలో డూప్లికేట్ చేసి పేరు పెట్టి దాచుకోండి. టూల్ ఆప్షన్లలో మోడిఫై యాక్టివ్ గ్రేడియెంట్ అనే గడి కూడా ఉంటుంది. అది టిక్ చేసి ఉంటే నకలు తీసుకోకుండా మీరు దాచుకున్న గ్రేడియెంటే మారిపోతుంది. దాని అవసరం ఉన్నప్పుడే టిక్ పెట్టి, పని కాగానే తీసేయండి.

పాత ఎడిటర్ పనికిరానిది అని మాత్రం అనను. ఒక రంగుల వరుసను ఐదుసార్లు పునరావృతం చేయాలన్నా, సెగ్మెంట్‌ను సమాన భాగాలుగా కోయాలన్నా, కొన్ని సెగ్మెంట్లను షిఫ్ట్‌తో కలిపి ఎంచుకుని తిరగేయాలన్నా ఆ రైట్ క్లిక్ మెనూయే దిక్కు. పట్టుచీర అంచులాంటి వరుస గీతల బోర్డర్ చేయడానికి రెప్లికేట్ సెగ్మెంట్‌ను మించిన దారి నాకు కనిపించలేదు. బొమ్మ మీద సవరించడం బాగా అలవాటయ్యాక దాన్ని తెరవండి, అప్పుడు భయపెట్టదు.

గింప్‌లో అక్షరాల మీద గ్రేడియెంట్ వేసేవారు తరచుగా లాక్ ఆల్ఫా (ఖాళీ చోట రంగు పడకుండా ఆపేది) పెట్టి నేరుగా టెక్స్ట్ లేయర్ మీదే లాగేస్తుంటారు. ఆ తర్వాత అక్షరం తప్పు కనబడి దిద్దబోతే, ఈ లేయర్‌ను ఇతర పనిముట్లతో మార్చారు, టెక్స్ట్ దిద్దితే ఆ మార్పులు పోతాయి అని హెచ్చరిక వస్తుంది. పెళ్లి తేదీ మారితే రంగంతా మళ్లీ వేసుకోవాలన్నమాట. అందుకు బదులు టెక్స్ట్ లేయర్‌నూ, దానిపైన ఒక ఖాళీ లేయర్‌నూ ఒక లేయర్ గ్రూపులో పెట్టి, పైలేయర్ కాంపోజిట్ మోడ్‌ను క్లిప్ టు బ్యాక్‌డ్రాప్‌గా మార్చి, గ్రేడియెంట్ అందులో వేయండి. అక్షరాల హద్దు దాటి రంగు కనబడదు, టెక్స్ట్‌ను ఎన్నిసార్లైనా దిద్దుకోవచ్చు. ఇదీ 2.10 నుంచే ఉంది.

ఇంక్‌స్కేప్ సంగతి

2003లో సోడిపోడి నుంచి విడివడిన ఇంక్‌స్కేప్ మొదటి నుంచీ ఎస్‌వీజీని ఆధారం చేసుకున్నది. అందుకే దాని గ్రేడియెంట్ కూడా ఎస్‌వీజీ చెప్పినట్టే నడుస్తుంది. స్టాప్, దాని స్థానం, దాని రంగు, దాని పారదర్శకత, అంతే. గింప్‌లోనూ ఫొటోషాప్‌లోనూ ఉండే నడిమి బిందువు ఇక్కడ లేదు. రెండు రంగుల మధ్య మార్పును ఒకవైపుకు ఒరిగించాలంటే మధ్యలో మూడో స్టాప్ పెట్టి జరుపుకోవాలి. శంఖాకార గ్రేడియెంట్ కూడా లేదు. సీడీ మీద మెరుపులాంటిది కావాలంటే గింప్‌లో చేసి తెచ్చుకోవడమే.

పని తీరు చాలా హాయిగా ఉంటుంది. జి నొక్కి వస్తువు మీద లాగితే గీత వస్తుంది. మొదట చతురస్రం, చివర వృత్తం, మధ్య స్టాప్‌లు వజ్రాకారం. గీత మీద రెండుసార్లు నొక్కితే స్టాప్ చేరుతుంది. కింది రంగుల పట్టీ నుంచి రంగును లాక్కొచ్చి గీత మీద వదిలినా చేరుతుంది. ట్యాబ్ నొక్కుతూ పోతే ఒక స్టాప్ నుంచి మరొకదానికి పోవచ్చు, షిఫ్ట్ ఆర్ నొక్కితే గ్రేడియెంట్ తిరగబడుతుంది. రెండు స్టాప్‌లను ఒకే స్థానంలో పెట్టి పదునైన అంచు తెచ్చినప్పుడు మాత్రం హ్యాండిళ్లు ఒకదాని మీద ఒకటి పడి అడుగుది చేతికి చిక్కదు. అప్పుడు పైన టూల్‌బార్‌లో స్టాప్‌ల జాబితా నుంచి దాన్ని ఎంచుకుని ఆఫ్‌సెట్ గడిలో అంకె మార్చండి. 2022 మే నెలలో వచ్చిన ఇంక్‌స్కేప్ 1.2లో ఫిల్ అండ్ స్ట్రోక్ డైలాగ్‌లోనే పట్టీతో, స్టాప్‌ల జాబితాతో ఎడిటర్‌ను చేర్చారు. కంట్రోల్ షిఫ్ట్ ఎఫ్ నొక్కితే వస్తుంది. అంకెలతో కచ్చితంగా పనిచేయాల్సినప్పుడు అదే మంచిది. అంతకంటే పాత సంచిక వాడుతుంటే దయచేసి మార్చండి, ఈ ఒక్క సౌకర్యం కోసమైనా.

కొత్తవారిని ఎక్కువగా కలవరపెట్టేది ఇంకొకటి ఉంది. వస్తువును పక్కకు జరిపితే గ్రేడియెంట్ ఉన్నచోటే ఉండిపోయి, వస్తువంతా ఒకే రంగులోకి మారిపోతుంది. సెలెక్టర్ పనిముట్టు తీసుకున్నప్పుడు పైన కనబడే నాలుగు చిన్న బొత్తాలలో ఒకటి, వస్తువుతో పాటు గ్రేడియెంట్ కూడా కదలాలా వద్దా అన్నది నిర్ణయిస్తుంది. పొరపాటున చేయి తగిలి అది ఆఫ్ అయితే అప్పటి నుంచీ ప్రతి వస్తువుకూ ఇదే జరుగుతుంది. గుర్తు మరీ చిన్నది, తేడా కనబడేది మరెప్పుడో. కారణానికీ ఫలితానికీ ఇంత దూరం ఉంటే వాడేవాడు రెండింటినీ ఎలా కలపగలడు? మీరు చేయవలసిందల్లా ఆ బొత్తం నొక్కి ఉందో లేదో చూసుకోవడమే.

మెష్ గ్రేడియెంట్ (వల గళ్ల మూలల్లో ఒక్కో రంగు పెట్టేది) గురించి ఒక్క మాట. 0.92 నుంచి ఇంక్‌స్కేప్‌లో అది ఉంది. పూల రేకులకు, ముఖాలకు అద్భుతంగా పనికొస్తుంది. అయితే మెష్ ఎస్‌వీజీ ప్రమాణంలోకి ఎక్కలేదు, బ్రౌజర్లు దాన్ని సొంతంగా చూపవు. వెబ్‌కు పంపేదైతే పీఎన్‌జీగా మార్చి పంపండి.

తెలుగు అక్షరాల దగ్గర వచ్చే చిక్కు

ఇది ఇంగ్లిష్ పాఠాల్లో ఎక్కడా చెప్పరు కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను. శుభలేఖ మీద 'శ్రీరస్తు' ఒక వరుసలో, 'శుభ వివాహం' ఇంకో వరుసలో పెట్టారనుకోండి. రెండింటికీ పైనుంచి కిందికి ఒకటే బంగారు గ్రేడియెంట్ ఇచ్చారు. అంచుల దగ్గర ముదురు గోధుమ, తర్వాత పసుపు, సరిగ్గా నడుమ మెరుపులాంటి లేత మీగడ రంగు. మొదటి వరుసలో శ్రీకి రావత్తు ఉంది, స్తుకు తావత్తు ఉంది. రెండో వరుసలో వత్తులే లేవు. గ్రేడియెంట్ తన హద్దులను అక్షరాల మొత్తం ఎత్తును బట్టి తీసుకుంటే, మొదటి వరుస వత్తులతో కలిపి కిందికి సాగి ఉంటుంది కనుక దాని మెరుపు గీత అక్షరం పొట్ట దాటి కిందికి జారుతుంది, రెండో వరుసలో పొట్ట మీదే నిలుస్తుంది. రెండు వరుసలూ పక్కపక్కన పెడితే ఏదో తేడా ఉన్నట్టు కన్ను పసిగడుతుంది, ఏమిటో వెంటనే చెప్పలేదు. ఇంగ్లిష్ పెద్దక్షరాలు ఎత్తులో ఒకే తీరుగా ఉంటాయి కనుక వారికి ఈ బాధ లేదు.

దీనికి మందు ఇంక్‌స్కేప్‌లో ఉంది. రెండు పదాలూ ఒకే వరుసలో పక్కపక్కన ఉంటే రెండింటినీ కలిపి ఎంచుకుని, జి నొక్కి, వత్తులను లెక్కలోకి తీసుకోకుండా తలకట్టు నుంచి అక్షరం పాదం దాకా ఒక్క గీత లాగండి. ఎంచుకున్న వస్తువులన్నింటికీ ఆ ఒక్క గీత ప్రకారమే గ్రేడియెంట్ పడుతుంది, హ్యాండిళ్లు కలిసిపోయి ఒకేసారి కదులుతాయి. వత్తులు చివరి ముదురు రంగులోనే ఉండిపోతాయి, అది చూడడానికి ఇంకా బాగుంటుంది కూడా. వేర్వేరు వరుసలైతే ఒక్కో వరుసకు విడిగా అలాగే తలకట్టు నుంచి పాదం దాకా లాగండి. కంట్రోల్ నొక్కిపట్టి లాగితే గీత నిటారుగా వస్తుంది. టెక్స్ట్ మాత్రం టెక్స్ట్‌గానే మిగులుతుంది, అక్షరం దిద్దుకోవచ్చు. అడ్డంగా పోయే గ్రేడియెంట్ అయితే పేరు పొడవు పెరిగినప్పుడు గ్రేడియెంట్ దానంతట అది సాగదు, చివరి హ్యాండిల్‌ను మీరే జరపాలి.

మధ్యలో రంగు మురికిగా వస్తే

ఎరుపు నుంచి ఆకుపచ్చకు గ్రేడియెంట్ లాగండి. సరిగ్గా మధ్యలో వచ్చే రంగు ఎరుపు 128, ఆకుపచ్చ 128, నీలం 0. అంటే బురద కలిసిన పసుపు. నీలం నుంచి పసుపుకు లాగితే మధ్యలో మూడూ 128, అంటే అచ్చమైన బూడిద. ఇది లోపం కాదు, రెండు అంకెల సగటు అంతే. గింప్ టూల్ ఆప్షన్లలో బ్లెండ్ కలర్ స్పేస్‌ను పర్సెప్చువల్ నుంచి లీనియర్‌కు మారిస్తే మొదటి ఉదాహరణలో 128కి బదులు 188 వస్తుంది, పసుపు తేటపడుతుంది. నీలం, పసుపుల మధ్య బూడిద మాత్రం లేతబడుతుందే గానీ పోదు. దానికి మధ్యలో ఒక ఆకుపచ్చ స్టాప్‌ను మీరే పెట్టాలి, లేదా సెగ్మెంట్ కలరింగ్ రకాన్ని హెచ్‌ఎస్‌వీకి (రంగుల చక్రం వెంట నడిచే పద్ధతికి) మార్చాలి. హెచ్‌ఎస్‌వీలో రెండు దిశలుంటాయి. పసుపు నుంచి నీలానికి ఒక దిశలో ఆకుపచ్చ మీదుగా, రెండో దిశలో ఎరుపు మీదుగా పోతుంది. ఇంక్‌స్కేప్‌లో ఇలాంటి ఎంపికలు లేవు కాబట్టి మధ్య స్టాప్ ఒక్కటే మార్గం.

పారదర్శకతలోనూ ఇలాంటిదే ఒకటి ఉంది. ఇంక్‌స్కేప్‌లో తెలుపు నుంచి పూర్తి పారదర్శకతకు పోవాలనుకుని, రెండో స్టాప్ రంగును నలుపుగా ఉంచి పారదర్శకత మాత్రం సున్నా చేస్తే, మధ్యలో బూడిద పొగ కనబడుతుంది. కంటికి కనబడని స్టాప్‌కు కూడా రంగు ఉంటుంది, అదీ కలుస్తుంది. రెండు స్టాప్‌లకూ ఒకే రంగు పెట్టి, పారదర్శకత ఒక్కటే మార్చండి.

ఫ్లెక్సీలో పట్టీలు పట్టీలుగా రావడం

మీ పనిలో ఇది తప్పక ఎదురవుతుంది. పది అడుగుల వెడల్పు ఫ్లెక్సీకి అంగుళానికి 72 పిక్సెళ్ల చొప్పున చేస్తే వెడల్పు 8640 పిక్సెళ్లు. బ్యాక్‌గ్రౌండ్ ముదురు నీలం నుంచి ఇంకాస్త లేత నీలానికి పోతోంది, నీలం విలువ 80 నుంచి 100కు మారుతోందనుకోండి. ఎనిమిది బిట్ల ఫైలులో ఆ మార్పుకు ఉన్న మెట్లు 20 మాత్రమే. ఒక్కో మెట్టు 432 పిక్సెళ్లు, అంటే ఫ్లెక్సీ మీద ఆరు అంగుళాల పట్టీ. తెర మీద చిన్నదిగా చూసినప్పుడు ఇది తెలియదు, రోడ్డు మీద కట్టాక తెలుస్తుంది. ఏ గ్రేడియెంట్ ఎడిటరూ ఈ విషయం ముందుగా హెచ్చరించదు. గీత పొడవూ, రంగుల తేడా రెండూ దానికి తెలిసినవే కాబట్టి హెచ్చరించడం సాధ్యమే, ఎవరైనా చేస్తే బాగుండునని నా కోరిక.

చేయవలసింది ఇది. గింప్‌లో గ్రేడియెంట్ టూల్ ఆప్షన్లలో డిథరింగ్ (మెట్ల అంచులను సన్నటి చుక్కలతో కలిపేసేది) టిక్ చేసి ఉంచండి. ఇమేజ్ మెనూలో ప్రెసిషన్‌ను 16 బిట్లకు పెంచి పనిచేసి, చివర 8 బిట్లకు దించేటప్పుడు అడిగే డైలాగ్‌లో కూడా డిథరింగ్ ఎంచుకోండి. అప్పటికీ పట్టీ కనబడితే ఫిల్టర్లలో నాయిస్‌ను చాలా కొద్దిగా, కంటికి తెలిసీ తెలియనంత చల్లండి. జేపెగ్ నాణ్యత బాగా తగ్గిస్తే ఈ శ్రమంతా వృథా అవుతుంది, ఎందుకంటే కుదింపు మొదట చెరిపేది ఆ సన్నటి చుక్కలనే. రంగుల తేడాను కొంచెం పెంచడం కూడా చవకైన వైద్యమే.

ప్రెస్‌కు పంపేటప్పుడు ఇంకో మాట. పారదర్శక గ్రేడియెంట్లున్న పీడీఎఫ్‌ను కొన్ని పాత ప్రింటింగ్ యంత్రాల సాఫ్ట్‌వేర్‌లు సరిగా చదవవు. నా దగ్గర పనిచేసిన ఒక అబ్బాయి చేసిన పోస్టర్‌లో నీడ ఉండాల్సిన చోట నల్లటి పెట్టె అచ్చయి వచ్చింది. ఫైలులో తప్పేమీ లేదు, మరో ప్రెస్‌లో అదే ఫైలు చక్కగా అచ్చయింది. కొత్త ప్రెస్‌కు మొదటిసారి పంపుతున్నప్పుడు పీడీఎఫ్‌తో పాటు అదే కొలతలో టిఫ్ ఫైలు కూడా ఇచ్చి, ఒక చిన్న ముక్క ముందుగా తీయించి చూసుకోండి. ఇంక్‌స్కేప్ పీడీఎఫ్ ఆర్‌జీబీలోనే, అంటే అచ్చు సిరాల లెక్కన కాక తెర రంగుల లెక్కనే, ఉంటుందని కూడా గుర్తుంచుకోండి. తెర మీది మెరిసే నారింజ, ఆకుపచ్చలు అచ్చులో చప్పబడతాయి, గ్రేడియెంట్‌లో ఆ చప్పదనం ఇంకా తేలికగా పట్టుబడుతుంది.

క్రిటా

మీరు అడగలేదు గానీ చేత్తో బొమ్మలు వేసే పని ఉంటే క్రిటా అనే చిత్రలేఖన సాఫ్ట్‌వేర్ కూడా చూడండి. అందులో స్టాప్ గ్రేడియెంట్, సెగ్మెంట్ గ్రేడియెంట్ అని రెండు రకాలూ ఉన్నాయి. మొదటిది ఫొటోషాప్ అలవాటుకు దగ్గర, రెండవది గింప్ పద్ధతి. కొత్తగా చేసేటప్పుడు ఏ రకమో ముందే ఎంచుకోవాలి. గింప్‌లోలాగా బొమ్మ మీదే స్టాప్‌లు జరిపే వీలు దాని గ్రేడియెంట్ టూల్‌లో లేదు కాబట్టి మీ పనులకు దాన్ని మొదటి ఎంపికగా నేను చెప్పను.

చివరగా, దుకాణంలో రెండు మూడు కంప్యూటర్లుంటే మీ బంగారు గ్రేడియెంట్‌ను అన్నింటిలోనూ మళ్లీ మళ్లీ చేయనక్కర్లేదు. గింప్ దాచే జీజీఆర్ ఫైలు మామూలు టెక్స్ట్. మొదటి వరుస అది గింప్ గ్రేడియెంట్ అని చెబుతుంది, రెండవది పేరు, మూడవది సెగ్మెంట్ల సంఖ్య, ఆ తర్వాత ఒక్కో సెగ్మెంట్‌కు ఒక్కో వరుస. ఎడమ, నడుమ, కుడి స్థానాలు, రెండు చివరల రంగులు, అన్నీ 0 నుంచి 1 లోపు అంకెల్లో ఉంటాయి. ప్రిఫరెన్సెస్‌లో ఫోల్డర్స్ కింద గ్రేడియెంట్స్ అని ఉన్నచోట దారి చూసి, ఆ ఫైలును మిగతా కంప్యూటర్లలో అదే ఫోల్డర్‌లోకి కాపీ చేసి, గింప్ మూసి తెరవండి. ఇంక్‌స్కేప్‌కైతే గ్రేడియెంట్ నింపిన ఒక చిన్న చతురస్రంతో ఎస్‌వీజీ ఫైలు చేసి అందరికీ ఇవ్వండి. దాన్ని కాపీ చేసి, మీ అక్షరాలను ఎంచుకుని కంట్రోల్ షిఫ్ట్ వి నొక్కితే స్టైల్ అంతా అక్షరాలకు వస్తుంది. ఆ తర్వాత గీతను తలకట్టు నుంచి పాదానికి సర్దుకోవాలి. మీరు చేసిన ఫైలులో ఏదైనా ఒకటి ఇక్కడ పెడితే, ఏ స్టాప్ ఎక్కడికి జరపాలో చూసి చెబుతాను.